వంటపాక ముందు చాప

శుక్రవారం తెల్లారేసరికి ఫువతినో ఇంట్లో ఎనిమిది దుప్పట్లు, ఆరు దిండు గలేబులు, నాలుగు దోమతెరలు, తళతళా తోమిన ఏడు గిన్నెలు, ఒక వాచిన కన్ను తనిఖీకి సిద్ధంగా ఉన్నాయి!

నడిసముద్రంలోని సవాయి దీవిలో ఫాలెసామి ఊరి మహిళా సంఘం ప్రతి శుక్రవారం ఇల్లిల్లూ తిరుగుతుంది. చాప కింద దుమ్ముందా, దోమతెరకు చిల్లుందా, మరుగుదొడ్డి కడిగారా అని చూస్తుంది. సంఘం అధ్యక్షురాలు ఎవరో కాదు, ఫువతినో అత్తగారు ఎతెవీసె. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటూ వీధిలోకి వస్తే కోళ్ళు కూడా వరసలో నడుస్తాయని ఊళ్ళో చెప్పుకుంటారు.

ఆ రోజు ఆవిడ కోడలి ఇల్లంతా గాలించింది. దుప్పట్లు విప్పి ఎండ వాసన ఉందో లేదో చూసింది. గిన్నె బోర్లించి అడుగు మీద వేలు రాసింది. ఒక తువ్వాలు అంచు చిరిగిందని పట్టుకుంది. అంత కనిపెట్టిన చూపు కోడలి మెడ దాటి ఒక్క అంగుళం పైకి రాలేదు! వెనకాల వచ్చిన పదిమంది ఆడవాళ్ళదీ అదే తీరు. అందరికీ ఒక్కసారిగా నేల మీది చాపల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది... ఊరికి కొత్తగా వచ్చిన ఒక పెళ్ళికూతురు మాత్రం, పాపం, ఏమీ తెలియక కంటికేమైందని అడిగేసింది. కొబ్బరికాయ పడిందని చెప్పింది ఫువతినో.

"ఈ నెలలో ఇది మూడోది కదమ్మా," అంది వెనక నుంచి ఒకామె, నేల చూపులు చూస్తూనే. "ఆ చెట్టు కొట్టించెయ్యరాదూ?"

ఇల్లు శుభ్రంగా ఉంది, తువ్వాలు కుట్టుకోమని చెప్పి అత్తగారు పక్కింటికి వెళ్ళిపోయింది.

అక్కడి ఇళ్ళకు గోడలుండవు. చుట్టూ స్తంభాలు, పైన కప్పు, వాన వస్తే దించుకోవడానికి కొబ్బరాకు తడికెలు, అంతే. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగో ఇంట్లోంచి దీవెన వినిపిస్తుంది. మరి ఫువతినో మొగుడు తోమాసి చెయ్యెత్తితే ఊరికి తెలియదా? తెలుసు! కానీ మర్యాద గల ఊరు. చప్పుడు మొదలవగానే ఇరుగుపొరుగు వాళ్ళు గబగబా తమ తడికెలు దించేసుకునేవారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేని సాయంత్రం వరసగా నాలుగిళ్ళ తడికెలు దిగాయంటే, తోమాసికి కోపం వచ్చిందని అర్థం.

తోమాసి రాక్షసుడేమీ కాదు. చర్చిలో తీయగా పాడతాడు. పట్టిన చేపల్లో రెండు ముసలివాళ్ళ ఇంట్లో ఊరికే పడేసి వస్తాడు. కోపం వస్తే మాత్రం ఆయన చెయ్యి నోటికంటే ముందు మాట్లాడుతుంది. మొన్నటి కోపానికి కారణం కోకో చల్లారిపోవడం. సాయంత్రం ప్రార్థన ఎప్పటికీ అవ్వకపోవడం వల్ల కోకో చల్లారింది. ఆ ప్రార్థన అంత సాగదీసింది ఎవరయ్యా అంటే... తోమాసే!

పదహారేళ్ళు ఓర్చుకుంది ఫువతినో. ఇంకో పదహారేళ్ళు ఓర్చుకునేదేమో కూడా. కానీ మొన్న సాయంత్రం దెబ్బకంటే ముందు ఇంకొకటి జరిగింది. కూతురు లుపెకు పదిహేనేళ్ళు. అసలే నోట్లోంచి మాట రాని పిల్ల, బళ్ళో హాజరు పలకడానికి కూడా సిగ్గుపడుతుంది. తండ్రి ఇంకా దారి మలుపులో ఉండగానే ఆ పిల్ల లేచి, ఇంటి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క తడికె దించడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అని తల్లి అడిగింది.

"నాన్న అడుగులు గట్టిగా పడుతున్నాయమ్మా. వాళ్ళందరూ దించుకోవడం దేనికి, మనమే దించేసుకుంటే పోతుంది కదా."

వానొచ్చేలా ఉంది, బట్టలు తీసేద్దాం అన్నట్టు చెప్పింది ఆ పిల్ల! ఆ తరవాత తగిలిన దెబ్బ ఫువతినోకు అసలు నొప్పే పుట్టలేదు. అప్పటికే లోపల ఏదో విరిగిపోయింది... తాను ఏడవకుండా ఉంటే పిల్లకు ఏమీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. పిల్ల అన్నీ నేర్చేసుకుంది. రేపు తన మొగుడింట్లో కూడా తడికెలు దించడం దానికి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు!

తనిఖీ అయిపోయాక, చిరిగిన తువ్వాలు కుట్టకుండానే మూటలో పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని బస్సెక్కేసింది. చెక్క బస్సు కిక్కిరిసి ఉంది. సీటు లేకపోతే ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోవడం అక్కడి రివాజు. ఫువతినోకు ఎవరో ఒక భారీ ఆడమనిషి ఒడి దొరికింది. ఆ ఒళ్ళో కూర్చోగానే, ఎందుకో తెలియదు, వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ మహాతల్లి పేరడగలేదు, ఊరడగలేదు. గుంతకి బస్సు ఎగిరినప్పుడల్లా నడుం చుట్టూ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. దిగేటప్పుడు మాత్రం, మా బస్సుల్లో ఒళ్ళో కూర్చున్నవాళ్ళకు టిక్కెట్టుంది కానీ కన్నీళ్ళకు లేదని నవ్వి, ఒక వేయించిన పిండి ఉండ చేతిలో పెట్టింది.

బస్సు దిగింది పుట్టింటి ఊళ్ళో. అన్నయ్య తునుఫాయి ఆ ఊరికి పెద్ద. ఊరి సభలో ఆనుకుని కూర్చోవడానికి సొంత స్తంభం ఉన్నవాడు. అన్నకు చెల్లెలు కంటికొసలాంటిదని వాళ్ళలో సామెత. ఆ కంటికొస తన కన్నే వాచి గుమ్మంలో నిలబడేసరికి పెద్దాయన గుండె తరుక్కుపోయింది! బోరున ఏడ్చాడు. తోమాసి వంశాన్ని తిట్టాడు. అడవికత్తి నడుముకు కట్టుకుని రంకెలేస్తూ బస్సుకోసం వెళ్ళాడు. చివరి బస్సు వెళ్ళిపోయింది. గంటసేపు రోడ్డు మీద నిలబడి, ఆకలేసి ఇంటికి వచ్చేశాడు. ఆ పూట బస్సు లేకపోవడం వల్ల ఒక నిండు ప్రాణం దక్కింది.

ఫువతినోను ముందింట్లో, అన్నిటికంటే మెత్తటి చాప మీద కూర్చోబెట్టారు. పుట్టింట్లో ఆడపడుచంటే అంత గౌరవం. ఒక్క పుల్ల కూడా తీయనివ్వరు. పనంతా వదిన ఇలాయిసాది. వంటపాకలోంచి పొగలో దగ్గుతూ వచ్చి, మొగుడి ముందు పళ్ళెం పెట్టింది. చేప చల్లగా ఉందేమని తునుఫాయి కసిరాడు. కసిరాడంతే, చెయ్యెత్తలేదు. కానీ ఇలాయిసా తల తనంతట తానే ఒక అంగుళం పక్కకు జరిగింది...

ఆ అంగుళం ఫువతినోకు బాగా తెలుసు! తరవాత వంటపాకలోకి వెళ్ళి చూస్తే వదినకు ముందు పన్ను లేదు.

"పన్నేమైంది వదినా?"

"కొబ్బరికాయ," అంది ఇలాయిసా.

"ఇక్కడి చెట్లు కూడా అలాంటివేనా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వారు. నవ్వీ నవ్వీ ఎప్పుడో ఏడుపులోకి దిగారు. అక్కడ మొగుడింట్లో తాను ఏమిటో, ఇక్కడ తన అన్న ఇంట్లో ఇలాయిసా అదే! తన కన్ను చూసి గుండెలు బాదుకున్న అన్నయ్యకు, రోజూ ఎదురుగా ఉన్న ఆ ఖాళీ కనబడనే లేదు.

సోమవారం తెల్లవారుతూనే తోమాసి వచ్చాడు. వెంట తల్లి ఎతెవీసె, ఇద్దరు పినతండ్రులు. నలుగురూ తునుఫాయి ముందింటి ఎదుట గులకరాళ్ళ మీద కూర్చుని, వంశపారంపర్యంగా వచ్చిన సన్నచాప ఒకటి తలల మీదుగా కప్పుకున్నారు. పెద్ద తప్పు చేసినవాళ్ళు అలా వచ్చి తల వంచుకు కూర్చుంటారు. అవతలివాళ్ళు చాప తీసేదాకా కదలకూడదు. తీస్తే క్షమించినట్టు. తునుఫాయి చూసీ చూడనట్టు రెండో కప్పు కోకో కూడా తాగాడు. పరువంటే అలాగే ఉంటుంది మరి! ఎండ వీపులు కాల్చడం మొదలయ్యాక, ఊరి పెద్దలందరూ చేరాక, గంభీరంగా వెళ్ళి చాప తీశాడు.

ఇక ఉపన్యాసాలు! తప్పు చేసినవాళ్ళ వైపు నుంచి మూడు, క్షమించినవాళ్ళ వైపు నుంచి మూడు. పూర్వీకుల పడవలు వచ్చాయి, నక్షత్రాలు వచ్చాయి, రెండు వంశాల పరువు ప్రతిష్ఠలు వచ్చాయి. ఫువతినో మెత్తటి చాప మీద కూర్చుని చెవులు రిక్కించి విన్నది. ఆరు ఉపన్యాసాల్లో ఒక్కసారి కూడా తన పేరు రాలేదు. తన కన్ను అసలే రాలేదు. పెద్దల కళ్ళు అప్పటికే వంటపాక వైపు తిరుగుతున్నాయి. రాళ్ళ పొయ్యి మీదికి పంది ఎక్కింది. నలభై మందికి సరిపడా పచ్చి అరటికాయలు, చేమదుంపలు తొక్క తీయడానికి ఇలాయిసా ఒక్కతే కూర్చుంది.

"చెల్లీ, మన గౌరవం మనకు తిరిగొచ్చింది. మూట కట్టుకో. భోజనాలవగానే బస్సుంది," అన్నాడు తునుఫాయి తృప్తిగా.

ఫువతినో ఎప్పుడూ అన్నయ్య మాటకు ఎదురు చెప్పి ఎరగదు. మూలన కూర్చున్న లుపె చేతులు అప్పటికే మూట వైపు వెళుతున్నాయి. అది చూశాక నోరు తెరిచింది.

"గౌరవం నీకు తిరిగొచ్చింది అన్నయ్యా. కన్ను నాది. నా ముందు ఎవరు కూర్చున్నారు?"

"ఇంటి ముందే కూర్చున్నారు కదమ్మా?"

"ఇది నీ ఇల్లు. నేను వంటపాకలో ఉంటాను. అక్కడికి రమ్మను."

అని లేచి, గబగబా నడిచి, వదిన పక్కన పీట వేసుకుని అరటికాయ అందుకుంది. కాళ్ళు వణుకుతున్నాయి కాబట్టి కూర్చోక తప్పలేదు కానీ, చూసేవాళ్ళకు మాత్రం మహారాణిలా కనబడింది!

పెద్దల మధ్య గుసగుసలు లేచాయి. ఇలాంటిది ఎక్కడైనా ఉందా అని, పాత సంగతులన్నీ నోటికొచ్చిన ఊరి ముసలి వక్తను అడిగారు. ఆయన కళ్ళు మూసుకుని ఏడు తరాలు వెనక్కి వెళ్ళి వచ్చాడు. యుద్ధంలో ఊరు తగలబెట్టినందుకు చాప కప్పుకున్నవాళ్ళున్నారు. పెద్దను చంపినందుకు ఉన్నారు. ఊరి పెద్దగారి పందిని చంపినందుకు కూడా ఒకసారి జరిగింది. కట్టుకున్న పెళ్ళాం ముందు, అందులోనూ వంటపాక ఎదుట కూర్చున్నవాడు మాత్రం లేడని తేల్చాడు.

"పంది కోసం కూర్చున్నారా తాతా?" అని పాకలోంచి అడిగింది ఫువతినో.

"అది చచ్చిపోయిందమ్మా," అన్నాడు ముసలాయన నచ్చజెప్తున్నట్టు.

"అంటే నేను కూడా చస్తే వస్తారన్నమాట."

ముసలాయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడే ఇలాయిసా బుర్ర పనిచేసింది. భోజనాలవ్వాలంటే వంటవ్వాలి. వంటవ్వాలంటే తొక్క తీయడమవ్వాలి. తొక్క తీయడం అవ్వకపోతే? పక్కింటావిడ చెవిలో ఏదో చెప్పింది. పావుగంటలో ఆ పక్కింటావిడ ఒక బుట్ట చేమదుంపలతో వచ్చి, సాయం చేస్తానని కూర్చుంది. ఆమె వెనక ఇంకొకామె సీమపనస కాయలతో వచ్చింది. ఇంకొకామె అరటిగెలే మోసుకొచ్చింది! మధ్యాహ్నానికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒక బుట్ట ఖాళీ అయ్యేలోపు రెండు బుట్టలు వచ్చిపడుతున్నాయి. పెద్దలు కబురు పంపారు, ఇంకా ఎంతసేపని. అయిపోవచ్చింది, ఇంకో తొమ్మిది బుట్టలేనని జవాబు వెళ్ళింది.

పెద్దల సహనానికి పొట్టే సరిహద్దు. ముందుగా ముసలి వక్తే మెత్తబడ్డాడు. ఏడు తరాల్లో లేకపోతే ఎనిమిదో తరంలో ఉండి ఉండవచ్చని, తాను సరిగ్గా గుర్తు తెచ్చుకోలేదేమోనని అన్నాడు. అయినా తోమాసి కదల్లేదు. తల వంచుకుని బిగుసుకుపోయి కూర్చున్నాడు. అప్పుడు లేచింది ఎతెవీసె. మడతపెట్టిన సన్నచాప చంకలో పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని, తిన్నగా వంటపాక ముందుకు వెళ్ళి, బూడిదలో మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ నెరిసిన తల కోడలి ముందు వంగేసరికి ఆడవాళ్ళ చేతుల్లో చాకులు ఆగిపోయాయి...

"ముప్పై ఏళ్ళుగా తనిఖీ చేస్తున్నానే. దుప్పటి మీద మరక వీధిలోంచే కనిపెడతాను. నీ మొహం మీది మరక నాకు కనబడలేదనుకున్నావా? కనబడింది. అది చూస్తే మీ మామగారు బతికున్నప్పటి నా మొహం గుర్తొస్తుందని నేల చూశాను. నా తప్పు." వెనక్కి తిరక్కుండానే గొంతు పెంచింది. "ఒరే తోమాసీ, నా మోకాళ్ళు అరిగిపోయాయి. నువ్వొస్తావా, నన్ను ఇక్కడే పాతిపెడతావా?"

తోమాసి వచ్చాడు. తల్లి పక్కన కూర్చుని, ఇద్దరి తలల మీదుగా చాప కప్పాడు. రాళ్ళ పొయ్యి పొగంతా ఆ వైపే తిరిగింది. ఒక కోడి, ఇది దిబ్బే అనుకుందో ఏమో, ఎగిరి ఆయన నెత్తి మీద స్థిరపడింది. దాన్ని తోలే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఏం చేశావు?" అని అడిగింది ఫువతినో, అరటికాయ తొక్క తీస్తూనే.

"మన రెండు వంశాల మధ్య పవిత్రమైన..." చాప కింద నుంచి మొదలుపెట్టాడు తోమాసి.

"వంశాలు అక్కడ అయిపోయాయి. నువ్వేం చేశావు?"

తోమాసి పొగకు దగ్గాడు.

"కొట్టాను."

"దేనికి?"

"కోకో చల్లారిందని."

అరవై మంది వింటూండగా పగటి వెలుతుర్లో బయటపడేసరికి, ఆ కారణం ఎంత చిన్నదో ఆయనకే మొదటిసారి కనబడినట్టుంది! వెనకాల ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. చాప అదిరింది. ముందు పొగ వల్ల అనుకున్నారు, తరవాత అర్థమైంది, మనిషి ఏడుస్తున్నాడు. ఫువతినో ఆగలేదు. కూతురు తడికెలు దించిన సంగతి, ఎందుకు దించిందో ఆ పిల్ల చెప్పిన మాటతో సహా, అందరికీ వినబడేలా చెప్పింది. ఆ మాట విన్నాక ఆ ఊరి ఆడవాళ్ళలో కొందరు పక్కనున్న తమ పిల్లల వైపు తిరిగి చూశారు. మగవాళ్ళలో కొందరు ఎటూ చూడలేకపోయారు.

తునుఫాయి కళ్ళు తుడుచుకుంటూ, చూశావా తోమాసీ, నా కంటికొసను ఎంత క్షోభ పెట్టావో అని నిట్టూర్చాడు. ఇలాయిసా తల ఎత్తలేదు. చేమదుంప చెక్కుతూ చెక్కుతూ, ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా అంది:

"పెద్ద చాపేలెండి అది. ఇంకొకరికి చోటుంది."

ఊరంతా తునుఫాయిని చూసింది. పొద్దున్న చాప తీసి క్షమించిన మహానుభావుడు! ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఈసారి తల పక్కకు జరపలేదు. నోరు కొంచెం తెరిచి, పన్ను లేని చోటు కనబడేలా, నిదానంగా ఆయన్నే చూసింది. తునుఫాయి స్తంభం కోసం వెనక్కి చెయ్యి చాపాడు. అక్కడ స్తంభం లేదు. కొండలాంటి ఒళ్ళు వంచి, చాప అంచు ఎత్తుకుని బావమరిది పక్కన దూరాడు. కోడి మాత్రం లేచిపోయింది.

ఇలాయిసా చాకు కింద పెట్టి మొహం చేతుల్లో దాచుకుంది. ఫువతినో వదిన భుజం ఒకసారి నిమిరి, చివరి కాయ దాకా తొక్క తీసింది. ఎవరూ కొత్త బుట్ట తేలేదు. అప్పుడు లేచి, ఇద్దరూ చెరో అంచు పట్టుకుని చాప తీశారు. మసి పట్టిన మూడు మొహాలు వెలుతురుకు కళ్ళు చికిలించాయి. తోమాసి జుట్టులో ఒక ఈక కూడా ఉంది.

"క్షమాపణ తీసుకున్నాను," అంది ఫువతినో. "నన్ను తీసుకెళ్ళడం వేరే సంగతి. వచ్చే నెల చర్చిలో జరిగే పిల్లల ఆదివారం పండగ దాకా నేనూ లుపె ఇక్కడే ఉంటాం. ఇక్కడ చెప్పిన మాటే మన ఊరి సభలోనూ చెప్పు. ఆ తరవాత ఆలోచిస్తాను. చాప ఒక్కసారే తోమాసీ. ఇంకోసారి చెయ్యి లేస్తే నేను వెళ్ళేది పోలీసుల దగ్గరికి."

తోమాసి తలూపాడు. బతిమాలడానికి నోరు తెరిచాడు కానీ, తల్లి మోచేత్తో ఒక్కటి పొడవడంతో మూసుకున్నాడు. వచ్చే శుక్రవారం నుంచి దుప్పట్ల కంటే ముందు మొహాలే చూస్తామని, అది మొదలుపెట్టేది తన కొడుకు ఇంటి నుంచేనని ఎతెవీసె అక్కడికక్కడే ప్రకటించింది. నాలుగు గంటల బస్సుకు తోమాసి పెళ్ళాం, కూతురు లేకుండా పినతండ్రులతో వెళ్ళాడు; ఎతెవీసె ఆ పూటకు ఉండిపోయింది. సీటు దొరకలేదు. ఎవరి ఒడిలోనో కూర్చుని, వెనక్కి చూస్తూ చూస్తూ వెళ్ళాడు.

భోజనాలయ్యేసరికి ఎండ వాలిపోయింది. ఊరికి మూడు రోజులకు సరిపడా చేమదుంపలు ఉడికాయి! పెద్దలు ఎవరి ఆకు వాళ్ళు తెచ్చుకుని, మొదటిసారిగా మాట్లాడకుండా తిన్నారు. వంటపాక ముందు చాప మీద ఫువతినో, ఇలాయిసా, ఎతెవీసె, లుపె కూర్చున్నారు. వాళ్ళ ఆకుల మీద ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతున్నది తునుఫాయి! ఆయనకు ఆ పని రాదు. ఈగల కంటే ఎక్కువ వడ్డించినవాటినే కొడుతున్నాడు. అయినా ఆపలేదు. ఫువతినో మనసులో ఇంకా భయం ఉంది. పండగ తరవాత ఏమవుతుందో, మనిషి నిజంగా మారతాడో లేదో ఎవరికి తెలుసు... ఆ ఆలోచనతోనే ముద్ద నోట్లో పెట్టుకోబోతూంటే, పక్కనుంచి సన్నగా, కానీ స్పష్టంగా ఒక గొంతు వినబడింది.

"మామయ్యా, కొంచెం ఉప్పు కావాలి."

అడిగింది లుపె! హాజరు పలకడానికే సిగ్గుపడే పిల్ల, తలెత్తి, అంత పెద్దమనిషి మొహంలోకి చూసి అడిగింది. అందరి చేతులూ ఆకుల మీదే ఆగాయి. తునుఫాయి విసనకర్ర కింద పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేచాడు. తన ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలియక వంటపాకంతా వెతికి, చివరికి పట్టుకొచ్చి, మేనకోడలి ఆకు పక్కన పెట్టాడు.